గుర్రమెక్కి వెళ్ళిపోయేవాడు

జగదీష్ ఆ పుస్తకాన్ని లైబ్రరీ కౌంటర్ మీద పెట్టగానే, పక్కన నిలబడ్డ అమ్మాయి తెలుగులో గొణిగింది.

"ఇన్నాళ్ళా! అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడేమో."

మిషిగన్‌లో, నోవైలో, 1982 డిసెంబరు మంచులో, నర్సు యూనిఫాం మీద బరువైన కోటు తొడుక్కున్న ఒక అమ్మాయి నోట తెలుగు వినబడుతుందని జగదీష్ అనుకోలేదు. కార్ల బ్రేకులు డిజైన్ చేసే కంపెనీలో అతను పనిచేస్తున్నాడు. ఆఫీసులో తెలుగువాళ్ళు ఎవరూ లేరు. ఫోన్‌లో తప్ప తెలుగు విని చాలా రోజులైంది.

"కూడబలుక్కోలేదండీ," అన్నాడు. "రెండుసార్లు చదివాను. అందుకే లేటయింది."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. అయినా తగ్గలేదు.

"రెండుసార్లు చదవాలంటే కొనుక్కోవాలి. వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళు ఏమైపోవాలి?"

"సారీ అండీ. ఒక్క మాట చెప్పనా? ఆ వంటవాణ్ణి మాత్రం నమ్మకండి."

"అయ్యో, చెప్పకండి!" అంటూ చెవులు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

వారం తర్వాత అదే లైబ్రరీలో అతన్ని పట్టుకుంది.

"వంటవాడు అమాయకుడు! మీ మాట విని పుస్తకం అంతా అతన్నే అనుమానించాను. చివరికి చూస్తే చంపింది రాజుగారి తమ్ముడు!"

"కూడబలుక్కుని చదివాడన్నారు కదా. కోపం వచ్చింది."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. పేరు ప్రేమజ్యోతి. ఊరు బాపట్ల. డెట్రాయిట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. భార్య పోయాక ఒంటరివాడైన తండ్రి జోసఫ్ గారిని తన దగ్గరికే తెచ్చుకుంది. ఆదివారాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆయన పదీ పన్నెండు తెలుగు కుటుంబాలకి ఆరాధన జరిపేవారు.

వాళ్ళిద్దరూ పోట్లాడుకున్న ఆ పుస్తకం ఒక సిరీస్‌లోది. ఏడో శతాబ్దపు ఐర్లండ్ కథలు. చిన్న చిన్న రాజ్యాలు, రాతి ప్రహరీల మఠాలు, ఎప్పుడూ వదలని వాన. ఒక మఠంలో తేనెటీగలు పెంచే బ్రోనా అనే ఆవిడ ఉంటుంది. ఎక్కడైనా హత్య జరిగితే ఫెర్గల్ అనే న్యాయాధికారి గుర్రమెక్కి వస్తాడు. ఇద్దరూ కలిసి హంతకుణ్ణి పట్టుకుంటారు. పట్టుకోగానే అతను వెళ్ళిపోతాడు. ప్రతి శరదృతువులోనూ ఒక కొత్త పుస్తకం వచ్చేది. ప్రతి పుస్తకంలోనూ ఇదే వరస.

"పాపం బ్రోనా," అంది జ్యోతి ఒకసారి కాఫీ తాగుతూ. "అతన్ని చూడాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు చావాలి."

జగదీష్‌కి కాఫీ పొలమారింది.

ఆ చలికాలం ఆమె పాత కారు తరచూ మొరాయించేది. జగదీష్ వచ్చి స్టార్ట్ చేసిపెట్టేవాడు. కాకపోతే ఆసుపత్రి దాకా తనే డ్రైవ్ చేసేవాడు. అద్దం మీద మంచు పడుతుండేది. వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే ఇద్దరూ ఏడో శతాబ్దంలో ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో వాదించుకునేవారు. ఆసుపత్రి గేటు వచ్చేసరికి వాదన సగంలో ఆగిపోయేది. ఆ మిగతా సగం కోసం అతను మర్నాటి దాకా ఎదురుచూసేవాడు. ఎదురుచూస్తున్నది వాదన కోసం కాదని తెలుసుకోవడానికి అతనికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఆమెకి చెప్పడానికి మాత్రం ధైర్యం రాలేదు. వాళ్ళ నాన్న పాస్టరు. తన తల్లి ఏలూరులో విష్ణు సహస్రనామం చదవనిదే మంచినీళ్ళు ముట్టదు. పైగా తన గ్రీన్ కార్డ్ అప్లికేషన్ కంపెనీ చేతిలో ఉంది. 'ఆ కార్డ్ రానీ, అప్పుడు చెప్తాను' అనుకున్నాడు. అలా అనుకుంటూనే ఒక చలికాలం పోయింది. రెండోదీ పోయింది.

జోసఫ్ గారికి ఉబ్బసం. ఆ రెండో చలికాలంలో ఆయన్ని రెండుసార్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఎండ ఉండే ఊరికి వెళ్ళమన్నాడు డాక్టర్. జ్యోతికి డల్లాస్‌లో ఉద్యోగం దొరికింది. పక్కనే కాపెల్‌లో చిన్న ఇల్లు చూసుకుంది.

"వచ్చే శనివారం వెళ్తున్నాం," అంది. చెప్పి అతని వైపే చూస్తూ నిలబడింది.

"అంత దూరం ఈ కారుతోనా? ఉండండి, బ్రేకులు చూస్తాను."

బ్రేకులు చూశాడు. ఆయిల్ మార్చాడు. నాలుగు టైర్లలో గాలి చెక్ చేశాడు. మ్యాప్ మీద దారంతా ఎర్ర పెన్‌తో గీసి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ పెట్రోలు పోయించుకోవాలో గుర్తులు పెట్టాడు. శనివారం పొద్దున ఆ మ్యాప్ ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది జ్యోతి.

"వర్షం పడితే స్పీడ్ తగ్గించండి."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, కారెక్కి తలుపు గట్టిగా వేసుకుంది. జోసఫ్ గారు కిటికీలోంచి చెయ్యి ఊపారు. ఆమె ఊపలేదు. కారు వీధి చివర మలుపు తిరిగాక కూడా జగదీష్ చేతిలో ఆయిల్ గుడ్డతో అక్కడే నిలబడ్డాడు.

తర్వాత నెలరోజులు ఫోన్ లేదు. అక్టోబరులో కొత్త పుస్తకం వచ్చింది. ఆ ఆదివారం ఫోన్ మోగింది.

"చదివారా?" అంది జ్యోతి, హలో కూడా అనకుండా.

"సగం అయింది."

"అయితే హంతకుడి పేరు చెప్పను. మీలాంటి దాన్ని కాదు."

అప్పట్నించి ప్రతి ఆదివారం, చర్చి అయ్యాక మాట్లాడుకునేవారు. పుస్తకం అయిపోయాక పాతవాటి గురించి, తర్వాత వాటి సంగతే మర్చిపోయి, టెక్సస్ ఎండ గురించి, మిషిగన్ మంచు గురించి, ఆమె వార్డులో పేషంట్ల గురించి. జగదీష్ వంటింట్లో గోడ ఫోన్ తీగ పొడుగు ఎంతో, ఆ తీగతో ఎన్ని అడుగులు నడవచ్చో అతనికి అలవాటైపోయింది. సోమవారం నించి శనివారం దాకా జరిగినదంతా ఆమెకి చెప్పడానికే జరుగుతున్నట్టుండేది. ఫోన్ పెట్టేశాక ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. కిటికీ బయట మంచు పడుతుంటే, ఈపాటికి అక్కడ ఆమె ఫ్యాన్ వేసుకుని కూర్చుని ఉంటుందేమో అనుకునేవాడు.

రెండేళ్ళు ఇలాగే గడిచాయి. 1986లో వచ్చిన పుస్తకం కూడా ఇద్దరూ ఒకే వారంలో పూర్తిచేశారు.

"ఈసారైనా ఫెర్గల్ నోరు విప్పుతాడనుకున్నాను," అంది జ్యోతి.

"గుర్రమెక్కాక వెనక్కి చూశాడు కదా."

"చూడ్డానికేం, అందరూ చూస్తారు." ఆమె మాట మార్చింది. "నాకో సంబంధం వచ్చింది. సుందర్ రాజ్ అని, హ్యూస్టన్‌లో అకౌంటెంట్. నాన్న స్నేహితుల అబ్బాయి. మంచివాడేనట. ఏమంటారు?"

 జగదీష్ ఎప్పుడూ చేసే పనే ఇప్పుడూ చేశాడు, అసలు మాట దాటేశాడు.

"మంచివాడైతే... మీకు నచ్చితే..."

"నేనడిగింది అతని గురించి కాదండీ," అంది జ్యోతి.  "బ్రోనాది కథ కాబట్టి చదివాను. నేను మాత్రం ఆవిడలా ఉండలేను. ఇంక ఆదివారాలు ఫోన్ చేయకండి."

ఫోన్ పెట్టేసింది.

తర్వాతి ఆదివారం ఫోన్ మోగలేదు. అతను చేయి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆమె వద్దంది. ఫోన్‌లో చెప్పే మాట కూడా కాదది.

ఏలూరుకి ఫోన్ చేసి తల్లితో సంగతంతా చెప్పాడు. ఆవిడ మాట్లాడకుండా రిసీవర్ ఆడపడుచుకి ఇచ్చేసింది. వారం ఆగి మళ్ళీ చేశాడు. చాలాసేపటికి ఆవిడ, "ఆ పిల్ల పేరేంట్రా?" అంది. పేరు చెప్పాడు. "పిలవడానికి బాగానే ఉంది," అని పెట్టేసింది.

ఉద్యోగం మానేసి టెక్సస్ వెళ్తున్నానని ఆఫీసులో బాస్‌కి చెప్పాడు. ఇప్పుడు మానేస్తే గ్రీన్ కార్డ్ అప్లికేషన్ మొత్తం పోతుందని బాస్ మంచి మాటగా చెప్పాడు. తెలుసన్నాడు జగదీష్. ఆ శుక్రవారమే కారు తీశాడు. మిస్సోరీలో ఒక మోటెల్‌లో పడుకుని, ఆర్కన్సాస్ కొండలు దాటి, శనివారం సాయంత్రానికి కాపెల్ చేరాడు. అప్పుడే వాన మొదలైంది.

తలుపు తీసింది జోసఫ్ గారు.

"వందనాలండీ. నేను వచ్చింది..."

"తెలుసు బాబూ. లోపలికి రా. అమ్మాయి డ్యూటీ నించి ఇంకా రాలేదు."

జగదీష్ కూర్చోలేదు. "మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నానండీ. మీతో చెప్పడానికే వచ్చాను."

జోసఫ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా విశ్వాసంలోకి వస్తావా?"

"రానండి." తన గొంతు స్థిరంగా ఉండటం అతనికే ఆశ్చర్యమనిపించింది. "వచ్చానని అబద్ధం చెప్పి ఆమెని చేసుకోలేను. కానీ ప్రతి ఆదివారం తనతో చర్చికి వస్తాను. తన ప్రార్థనకి నా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. మా అమ్మతో కూడా ఈ మాట చెప్పాను."

"అమ్మగారు ఒప్పుకున్నారా?"

"పేరు అడిగిందండీ. ప్రస్తుతానికి అంతే."

పెద్దాయన పెదవుల చివర నవ్వు కదిలి ఆగిపోయింది. 

"నాకు సంతోషంగా లేదు బాబూ. ఉందని చెప్తే అబద్ధం. సంఘంలో నలుగురికీ సమాధానం చెప్పుకోవాలి." ఆయన దగ్గి, ఊపిరి కూడదీసుకున్నారు. "కానీ ఈ మూడు ఆదివారాలూ నా కూతురు ఫోన్ పక్కన కూర్చుని దాన్ని ముట్టుకోకుండా ఎలా ఉందో చూశాను. హ్యూస్టన్ వాళ్ళకి నేనే వద్దని చెప్పేశాను. అదింకా దానికి చెప్పలేదు."

బయట కారు ఆగింది. యూనిఫాంలో ఉన్న జ్యోతి గొడుగు తెరవబోయి, వాకిట్లో మిషిగన్ నంబర్ ప్లేటు చూసి అలాగే నిలబడిపోయింది. జగదీష్ వానలోకి దిగాడు.

"నాన్నగారితో మాట్లాడాను."

"నాతో మాట్లాడలేదు."

"అందుకే బయటికొచ్చాను." జుట్టులోంచి నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి. "మీరంటే నాకు ప్రాణం. నోవైలో కారెక్కబోయే ముందు మీరు అడిగినప్పుడే చెప్పాల్సింది. భయమేసింది. మీరు వెళ్ళాక ఒక్క రోజు కూడా నా రోజులా లేదు."

జ్యోతి కళ్ళు నిండాయో వానో తెలియలేదు. "మరి మీ గ్రీన్ కార్డ్?"

"మళ్ళీ మొదట్నించీ."

"ఉద్యోగం?"

"వెతుక్కోవాలి."

"పిచ్చా మీకు?"

"కొంచెం."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. చేతిలో గొడుగు ఇంకా మూసే ఉంది. దగ్గరికొచ్చి, తడిసిన అతని చొక్కా చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది. ఆ పట్టులో రెండేళ్ళ కోపమూ ఉందని అతనికి అర్థమైంది.

"జ్యోతీ!" గుమ్మంలోంచి జోసఫ్ గారు పిలిచారు. "అల్లుణ్ణి వానలో నిలబెట్టి మాట్లాడతారా ఎక్కడైనా? లోపలికి తీసుకురా!"