బండ మీది కూర

చంద్రవ్వ తల్లితో కలిసి వాకిట్లో పొయ్యిరాళ్లు సర్దుతుండగా తండ్రి తమ్ముడు మైసన్న కాక మోదుగాకు పొట్లం పట్టుకొని వచ్చాడు. పొట్లం అడుగు తడిసి ఉంది.

"వదినా, మన పోగు తెచ్చిన. తొడకూరనే ఏరి పెట్టించిన," అన్నాడు.

ఎల్లారెడ్డిలో పండుగొస్తే నాలుగిండ్ల వాళ్లు కలిసి యాటను, అంటే మేకనో గొర్రెనో, కోసి, ఆ మాంసపు కూరను సమానంగా పోగులు పెట్టి పంచుకునేవారు. ఎవరి పోగు వాళ్లకు అంతే. అయిపోతే మళ్లీ దొరకదు.

ఆ రోజు పెత్తరమాస. పోయిన పెద్దలను తలుచుకొని, వాళ్లకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టే అమావాస్య. చంద్రవ్వ వాళ్లింట్లో ఏటా తాతకు ఆకు వేసేవారు. ఈసారి తాత ఆకు పక్కన ఇంకో ఆకు వేయాలి. అది బాపుది.

చంద్రవ్వ తండ్రి బాలయ్య పోయినేడు ఎండకాలం జ్వరంతో చనిపోయాడు. ఏడాది తిరిగాక వచ్చిన మొదటి పెత్తరమాస ఇదే.

చంద్రవ్వ తల్లి ఈరవ్వ పొట్లం అందుకుంది.

"పులుసు పెట్టు వదినా. బండ మీద కాల్చుడు ఎందుకు తియ్? కాల్చెటోడే లేకపాయె," అన్నాడు కాక. అన్నాక ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించి తల దించుకున్నాడు. "నేను పోయి గుడి అయ్యగారికి పెద్దల పేరు మీద బియ్యమిచ్చి వస్త," అని గబగబా వెళ్లిపోయాడు.

బండ మీది కూర బాపు వంట. ఇంట్లో మిగతా వంటలన్నీ అవ్వవి, అది ఒక్కటే బాపుది. చంద్రవ్వ తల్లిని అవ్వా అనే పిలిచేది. కూరను అరచెయ్యంత పల్చటి ముక్కలుగా కోసి, అల్లం, ఎల్లిపాయ, మిరియాలు, ఉప్పు నూరి పట్టించాలి. దానితోపాటు చేలల్లో దొరికే పుల్లటి బుడంకాయలు కూడా నూరి కలపాలి. బుడంకాయ పడితే ఎంత గట్టి కూరైనా మెత్తబడుతుంది. కాసేపు నాననిచ్చి, నిప్పుల మీద కాగిన నున్నటి బండపై పరిచి కాల్చాలి. ముక్క చుయ్ మంటుంది. ఆ వాసనకు పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూసేవారు.

పులుసు ఎవరైనా పెడతారు. బాపు ఆకులో బండ మీది కూర లేకపోతే ఎట్లా? చంద్రవ్వ మనసులో అప్పుడే నిశ్చయించుకుంది.

అవ్వ కూరను కోసి మట్టి కంచుట్లో వేసి మూత పెట్టింది. "ఆకులు, చిక్కుడుకాయలు తెంపుకొస్త. తమ్మున్ని చూసుకో. పిల్లి తిరుగుతున్నది, పైలం," అని గంప అందుకుంది.

"అవ్వా..." అంది చంద్రవ్వ.

"ఏందే?"

బుడంకాయలు ఎన్ని వేయాలి? అడగాల్సింది అదొక్కటే. మాట నాలుక దాకా వచ్చింది. కానీ బాపు గొంగడి ఎక్కడుందని తను అడిగిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు అవ్వ జవాబు చెప్పకుండా కొట్టంలోకి వెళ్లి, చాలాసేపు బయటకు రాలేదు. వచ్చాక కండ్లు ఎర్రగా ఉన్నాయి. అప్పటినుంచి చంద్రవ్వ అవ్వ ముందు బాపు ముచ్చట తీయలేదు. తమ్ముడు ముత్తయ్యను కూడా తీయనీయలేదు.

"ఏం లేదు. జల్దిరా," అంది.

అవ్వ వెళ్లగానే చంద్రవ్వ రోలు దగ్గర కూర్చుంది. అల్లం, ఎల్లిపాయ నూరింది. మూలన చాటలో బుడంకాయలున్నాయి. కొన్ని తీసుకుంది. బాపు చేతులు పెద్దవి, ఆయన పిడికిట్లో ఎన్ని పట్టేవో. ఇంకొన్ని తీసుకుంది. కూర మెత్తగా ఉండటమే కదా మంచిది! ఎన్ని వేస్తే అంత మెత్తగా అవుతుందనుకొని చాటలో ఉన్నవన్నీ నూరేసింది. ముక్కలకు బాగా దట్టించి మూత పెట్టింది.

వాకిలి ముందు నుంచి ఆడపిల్లలు గుంపుగా వెళ్తున్నారు. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలు.

"ఓ చంద్రీ, తంగేడు పూలకు రావా?" అని ఎవరో కేకేశారు.

"నాకు పని ఉన్నది. మీరు పోండ్రి," అంది.

"అబ్బో, ఇంటి పెద్దమ్మ అయిందే!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

తుమ్మ కట్టెలు అంటుకొని నిప్పులయ్యేసరికి చాలాసేపు పట్టింది. బండ కాగడానికి ఇంకా ఆలస్యమైంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ముత్తయ్య మోకాళ్ల మీద కూర్చొని నోట్లో వేలు పెట్టుకొని చూస్తున్నాడు.

"అక్కా, ఒక్క ముక్క ఇయ్యవా?"

"పెద్దలకు పెట్టకముందు ఎంగిలి చేస్తరారా? ఆగు."

చంద్రవ్వ మూత తీసి ఒక ముక్కను పట్టుకుంది. అది వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. ఇంకోటి తీసింది. అదీ పీచులు పీచులుగా విడిపోయింది. రెండు చేతులతో ఎట్లాగో ఎత్తి బండ మీద వేసింది. చుయ్ మనలేదు. ముద్దలా అతుక్కుపోయి, అంచులు మాడి, మధ్యలో నీళ్లూరింది. గంటె కాడతో తిప్పబోతే ఇంకా చితికింది.

"అక్కా, కూర అంబలయింది!" అన్నాడు ముత్తయ్య.

"నోరు ముయ్యి!" అని అరిచింది.

వాడి పెదవి వణికింది. చంద్రవ్వ కంచుట్లోకి తొంగి చూసింది. ఉన్నది ఆ ఒక్క పోగే. బాపు ఆకులో ఇప్పుడేం పెట్టాలి? బాపుకు మొదటిసారి పెడుతున్న అన్నం ఇది. దాన్నే చెడగొట్టింది.

కంచుడు తీసుకుపోయి పెరట్లో పారబోసి, పిల్లి తిన్నదని చెబితే? లేచి నిలబడింది కూడా. కానీ అప్పటికే అవ్వ గంపతో వాకిట్లోకి వచ్చింది.

అవ్వ మొదట పొయ్యిని చూసింది, తర్వాత ఖాళీ చాటను. కంచుడు వైపు చూసి గంప కింద దించింది.

"బుడంకాయలన్ని ఏసినవా?"

చంద్రవ్వ తల ఊపింది.

"పొద్దటినుంచి నానుతున్నదా?"

మళ్లీ ఊపింది.

"నన్నెందుకు అడగలేదే? మీ బాపు పక్కన కూసొని నూరి ఇచ్చింది నేనే గద."

చంద్రవ్వ కాలి బొటనవేలితో నేలను గీస్తూ నిలబడింది. "అడిగితే నువ్వు ఏడుస్తవని," అంది.

పొయ్యిలో నిప్పు చిటపటలాడింది. అవ్వ అక్కడే కూర్చొని, కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"ఏడుపొస్తే ఏడుస్త బిడ్డా. ఏడ్సినంక చెప్త. రా, ఇట్ల కూసో."

చంద్రవ్వ పక్కన కూర్చుంది. అవ్వ కంచుడు ముందుకు లాక్కొని కూరలో వేలు పెట్టి చూసింది.

"మీ బాపు గూడ గిట్లనే చేసిండు, ఎరుకనా?"

"బాపా?"

"ఆ. నిజాంసాగర్ కట్ట కట్టేటప్పుడు మేము ఆడ పనికి పోయినం. గుడిసెలల్ల ఉంటిమి. పట్నం నుంచి వచ్చిన వంటాయన ఒకాయన బండ మీద కూర కాలుస్తుండె. ఆయన పచ్చి బొప్పాయి నూరి ఏస్తుండె. మీ బాపు చూసొచ్చి, మనకు బొప్పాయి యాడ దొరుకుతది, బుడంకాయ ఏస్త అన్నడు. ఏసిండు. నీ లెక్కనే అన్ని ఏసిండు."

"అంబలయిందా?" అన్నాడు ముత్తయ్య.

అవ్వ నవ్వింది. నవ్వుతుంటేనే కండ్లలో నీళ్లు తిరిగాయి. "మంచి అంబలయింది కొడుకా. వారం కూలి పెట్టి తెచ్చిన కూర. గుడిసె ఎనుకకు పోయి కూసున్నడు, పిలిస్తె రాడు. నేనే పుట్నాల పిండి కలిపి ముద్దలు చేసి, బండ మీద తట్టిన. అప్పుడొచ్చి తిన్నడు. తినుకుంట, ఇదే నేను చేద్దామనుకున్న అన్నడు!"

ముత్తయ్య పకపకా నవ్వాడు. చంద్రవ్వకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

అవ్వ ఉల్లిగడ్డ తరిగింది. చంద్రవ్వ పుట్నాలు దంచి పిండి చేసింది. చితికిన కూరలో రెండూ కలిపి ముద్ద చేశారు. బండ మీద మాడింది గీకి, మళ్లీ నిప్పులు ఎగదోసి, నూనె రాశారు. చంద్రవ్వ చేయి తడి చేసుకొని ముద్దలను బిళ్లలుగా తట్టింది. ఈసారి చుయ్ మంది.

"గిప్పుడు తిప్పకు. అంచు ఎర్రగా కానియ్," అంది అవ్వ.

మధ్యాహ్నం దాటాక కాక వచ్చాడు. గోడ కింద అలికి, రెండు ఆకులు వేశారు. అన్నం, కూరగాయలు, గారెలు, కల్లు పెట్టారు. తాత ఆకులో, బాపు ఆకులో ఎర్రగా కాలిన బిళ్లలు పెట్టారు. కాక నిప్పుల మీద ఊదు వేసి, దండం పెట్టి, బిళ్లలను వంగి చూశాడు.

"వదినా, ఇది అన్న చేసెటట్టు లేదు గద?"

"మీ అన్న చెడగొట్టినట్టు ఉన్నది," అంది అవ్వ.

కాకకు ఏమీ అర్థం కాలేదు. ముత్తయ్య మాత్రం నోరు మూసుకొని కిసుక్కున నవ్వాడు.

తర్వాత అందరూ తిన్నారు. కాక తన ఇంటికి వెళ్లాడు. ముత్తయ్య చాప మీద పడుకొని నిద్రపోయాడు. ఇల్లు ఎప్పటిలాగే నిశ్శబ్దమైంది. అవ్వ గోడకు ఆనుకొని బాపు ఆకు వైపు చూస్తూ కూర్చుంది. ఇంకో రోజైతే చంద్రవ్వ ఏదో పని ఉన్నట్టు బయటకు వెళ్లిపోయేది.

ఈ రోజు వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

"అవ్వా, కట్ట కాడ బాపు ఏం పని చేసిండు?"

అవ్వ కండ్లు నిండి, నీళ్లు చెంపల మీదికి జారాయి. అయినా చంద్రవ్వ లేవలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి, అవ్వ ఒడిలో చేయి పెట్టింది.

అవ్వ ముక్కు చీదుకొని, గొంతు సవరించుకుంది.

"రాళ్ల బండి తోలిండు," అంది. "ఎడ్లకు పాటలు పాడుకుంట..."

"ఏం పాటలు?" అని అడిగింది చంద్రవ్వ.