బరువు లేని పొడవు

"అక్కా, మా ఆయన నిద్రపోలేదు. ఇవాళ మూడింటికి మేనేజరు కాగితం మీద విచారణాధికారి సంతకం పడితే ఆసుపత్రి నుంచి నేరుగా జైలుకే."

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. రంగుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి మూడు రోజులైంది. బాయిలరు ఆపరేటరైన ఆమె భర్త రెండు చేతులూ కాలి మంచం మీద ఉన్నాడు. ప్రెషరు మీటరు ఆపేసి నిద్రపోయాడని మేనేజరు రాసిచ్చాడు. పేదవాడి మాటకు సాక్షి కావాలి, పెద్దవాడి మాటకు సంతకం చాలు. లోకం తీరే అంత.

తూకమక్క కళ్లజోడు తుడుచుకుంది. ఒకప్పుడు టెలిఫోన్ లైన్లు బాగుచేసేది, ఇప్పుడు జనం దాచిన నిజాలు తవ్వుతుంది. ప్రతి మాటా తూచి చూస్తుందని ఆ పేరు. పక్కనే ఆమె మరిది నోటుపుస్తకం తెరిచాడు. వదిన నోరు విప్పితే చాలు, ఇరవై ఏళ్లుగా అతనికి గుడిగంట విన్నట్టే ఉంటుంది.

"మీ ఆయనేమంటున్నాడు?"

"మధ్యాహ్నం పన్నెండూ యాభై రెండుకి మేనేజరు ఫోన్ చేశాడంట. సరుకు ఆలస్యమవుతోంది, సేఫ్టీ వాల్వు బిగించి ప్రెషరు పెంచమన్నాడంట. ఈయన వద్దన్నాడు. చెయ్యకపోతే గేటు బయటికి నడవమన్నాడంట."

"బిగించాడా?"

ఆమె తల దించుకుంది. "ఇంట్లో ముగ్గురు పిల్లలక్కా."

* * *

ఫ్యాక్టరీలో తూకమక్క మొదట ఇంజనీరును పట్టుకుంది. పేలుడుకు ముందు నుంచీ సెలవులో ఉండి ఆ పొద్దున్నే వచ్చాడు. మీటరు ఆఫీసులోని కంప్యూటరు ఫైల్లో సెకనుకో వరుస రాస్తుంది, వరుసకు ముప్పై రెండు అక్షరాలు, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా రోజుకో ఫైలు అన్నాడు.

"మీటరు ఆపేస్తే ఏం రాస్తుంది?"

"ఏమీ రాయదండీ. ఫైలు ఎక్కడుందో అక్కడే ఆగుతుంది."

"సగం వరుస రాసి ఆగుతుందా?"

"ఆగదు. రాస్తే పూర్తి వరుస, లేకపోతే లేదు."

రిజిస్టరు గుమాస్తా నడుం వంగిన పెద్దమనిషి. రోజూ పొద్దున్నే నిన్నటి ఫైలు సైజు పుస్తకంలో రాయడం ఆయన పని. ఆ ఫైళ్ల గురించి ఆయనకూ, కింద సంతకం చేసే మేనేజరుకూ తెలిసింది ఆ ఒక్క అంకే. "ఎప్పుడూ ఒకటే, అమ్మాయ్. ఇరవై ఏడు లక్షల అరవై నాలుగు వేల ఎనిమిది వందలు. కళ్లు మూసుకుని రాసేయొచ్చు."

"పేలిన రోజుది?"

"అంతే ఉందని సారు రాయించారు. నేను చూడలేదు. బాయిలరు పిల్లాణ్ణి అంబులెన్సులో ఎక్కించుకుని పోయినవాణ్ణి, మర్నాడు సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు."

గోడకు అంటించిన కాగితం మీద 'కత్తెర' అని ఉంది. అదేమిటని మరిది అడిగాడు.

"నేను రాసిన చిన్న ప్రోగ్రాం," అన్నాడు ఇంజనీరు. "డిస్కు నిండినప్పుడు పాత ఫైళ్లు కత్తిరించడానికి. ఫైలు పేరూ, ఎంత పొడవు ఉండాలో అంకే ఇస్తే సరి. నాదీ, గుమాస్తాగారిదీ, మేనేజరుదీ, మా ముగ్గురి కంప్యూటర్లలోనూ ఉంది."

తూకమక్క మీటరు కంప్యూటరు ముందు కూర్చుని రెండు అంకెలు రాసుకుంది. తర్వాత ఫైలు తెరిచి ఆఖరి వరుస దాకా చూసింది.

"వదినా, ఏం కనిపించింది?"

"ఏమీ లేనిది కనిపించిందయ్యా."

* * *

మూడు గంటలకు అందరూ మేనేజరు గదిలో చేరారు. విచారణాధికారి కలం మూత తీసి పెట్టుకున్నాడు. ఆపరేటరు భార్య తలుపు పక్కన నిలబడింది.

"ఫైలు సైజు రోజూ ఉన్నంతే ఉంది," అన్నాడు మేనేజరు. "ఎవరూ ముట్టుకోలేదు. పన్నెండూ యాభై రెండు నుంచి అంతా ఖాళీ. మీటరు ఆపి పడుకున్నాడు. నేను ఫోన్ చేసింది భోజనానికి మనిషిని మార్చమని. ఇంకేం కావాలమ్మా?"

"బాయిలరు పేలింది ఎన్నింటికి?"

"ఒంటిగంటా నలభైకి."

"మీటరు?"

"అదీ పోయింది. తునాతునకలైంది."

"మరి చచ్చిన మీటరు అర్ధరాత్రి దాకా ఎలా రాసిందండీ?"

అధికారి కలం కింద పెట్టాడు.

"ఆపేసినా, పేలినా ఫైలు అక్కడికక్కడే ఆగాలి," అంది తూకమక్క. "ఇది మాత్రం రోజంతా బతికిన ఫైలంత పొడవుంది. కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టానికి 'ఈ ఫైలు ఇంత పొడవు చెయ్' అని ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, మీ అందరి దగ్గరా ఉన్న కత్తెర చేసేది అదే. చిన్న అంకె ఇస్తే తోక కోసేస్తుంది. మళ్లీ పెద్ద అంకె ఇస్తే సాగదీస్తుంది. సాగినచోట చదివితే అన్నీ సున్నాలే. కానీ అక్కడెవరూ ఏమీ రాయలేదు కాబట్టి డిస్కులో చోటు పట్టదు. పైకి చూపే పొడవు ఇరవై ఏడు లక్షలు దాటింది. డిస్కులో నిజంగా ఆక్రమించింది పదిహేను లక్షలు కూడా లేదు. మిగతాది బరువు లేని పొడవు."

మరిది కలం ఆగిపోయింది. ఏమీ లేనిదానికి కొలత ఉండటమేమిటి? ఆ కొలత నోరు తెరిచి సాక్ష్యం చెప్పటమేమిటి? గాలి మీద వేలిముద్ర దొరికినట్టుంది.

"ఎవరు చేశారో?" అన్నాడు అధికారి.

"ఇంజనీరు చేస్తే వరుస చివర కోసి వదిలేసేవాడు, సాగదీసేవాడు కాదు. ఫైలు ఎలా పెరుగుతుందో అతనికి తెలుసు. రోజూ ఒకటే అంకె ఉండాలనుకునేది, ఫైలును రిజిస్టర్లో అంకెగా తప్ప ఎరగనివాళ్లే. అలాంటివాళ్లు ఇద్దరు. ఒకాయన, గుమాస్తాగారు, ఆపరేటరుతో ఆసుపత్రికి వెళ్లి మర్నాడు సాయంత్రం దాకా రాలేదు."

గదిలో అందరి చూపూ ఒకేవైపు తిరిగింది.

"ఊహలు," అన్నాడు మేనేజరు.

"ఇంకోటుంది. ఆఖరి వరుస సగంలో తెగింది. మీటరు సగం వరుస రాయదు. రోజంతటి అంకెను గంటలతో భాగించి లెక్కగడితే పన్నెండూ యాభై రెండుకి సరిగ్గా పద్నాలుగు లక్షల ఎనభై రెండు వేల రెండు వందల నలభై అక్షరాలు. మీరు చిల్లర వదిలేసి పద్నాలుగు లక్షల ఎనభై రెండు వేలని కొట్టారు. అంకె గుండ్రంగా ఉంటే మీకు ముచ్చట. ఆ రెండు వందల నలభై అక్షరాలూ ఏడున్నర వరుసలు. మీ ఫోన్‌కి ఎనిమిది సెకన్ల ముందు పడింది కత్తి. నిద్రపోయినవాడి తప్పు దాచడానికి మీకేం పని? మీ మాట విన్న ప్రెషరు ఎక్కడ లేచిందో అక్కడ కోశారు."

మేనేజరు బల్ల అంచు పట్టుకున్నాడు. "నేను పేలుతుందనుకోలేదు," అన్నాడు చివరికి, ఎవరివైపూ చూడకుండా. "పై నుంచి ఒత్తిడి."

"నీకు పైవాళ్ల ఒత్తిడి. మా ఆయనకు నువ్వూ, ఆవిరీ," అంది తలుపు దగ్గర నిలబడ్డ ఆమె.

"ఆ కోసేసిన ముక్క దొరకదా వదినా?" అన్నాడు మరిది మెల్లగా.

"దొరకదు. దాన్ని లేకుండా చేశాననుకున్నాడు. లేకపోవడమే మిగిలిపోయింది."

అధికారి తన ముందున్న నివేదిక నాలుగు ముక్కలు చేసి తెల్ల కాగితం తీశాడు. "ఆపరేటరు ఏం చెప్పాడమ్మా? అతని మాట ఎవరూ రాసుకోలేదు."

పొద్దున్నుంచీ కూర్చోని ఆపరేటరు భార్య, మేనేజరు ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మొదట్నుంచి చెప్తాను సార్. ఒక్క ముక్క వదలకుండా రాయండి."