కప్పు మీద పాలపళ్ళు

ఆదివారం పొద్దున్నే డాక్టర్ హైమవతి నిచ్చెన వేసుకుని తన ఇంటి పెంకుల మీద ఎండిన పేడముద్దలు ఏరుతుంటే, రేవులంక వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి మరీ చూశారు. ఎంత పెద్ద సైంటిస్టుకైనా ఎప్పుడో ఒకప్పుడు మతి చలించక తప్పదనుకున్నారు. కింద నిచ్చెన పట్టుకున్న అత్తగారు సూరమ్మకి తల కొట్టేసినట్టయింది.

"విసిరేసిన పన్నుని మళ్ళీ కిందకి దింపే తల్లిని నిన్నొక్కదాన్నే చూశాను. పిల్లకి కొత్త పన్ను వంకరగా వస్తే పూచీ ఎవరిదే?"

"నాదే అత్తయ్యా. నిచ్చెన కదపకండి."

రేవులంకలో పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసురుతారు, కొత్త పన్ను గట్టిగా రావాలని. ఆ ఊరికి డ్రైవరు లేని బస్సులొచ్చాయి, మందులు మోసుకొచ్చే డ్రోన్లొచ్చాయి గానీ ఈ ఆచారం మాత్రం పోలేదు. నెల కిందట హైమ కూతురు, ఏడేళ్ళ ఇందు కూడా అలాగే విసిరింది. ఇప్పుడు ఆ పన్ను హైమకి కావాలి.

ఎందుకో చెప్పాలంటే నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ప్లాస్టిక్ డబ్బాల నుంచి రాలే రేణువులు పసిపిల్లల కాలేయంలో చేరుతున్నాయని అప్పట్లో కనిపెట్టింది హైమే. ఊరు నమ్మింది. నమ్మడమంటే అలా ఇలా కాదు. డబ్బాలూ బిందెలూ వీధిలో కుప్పపోసి లారీలకెక్కించారు. ఆమెకి దండలు వేశారు. అటకల మీది ఇత్తడి గిన్నెలు కిందకి దిగాయి. ఇత్తడి గిన్నెలో పులుపు కాయాలంటే లోపల తగరం పూత ఉండాలి. దాన్నే కళాయి అంటారు. గిరాకీ లేక వాచ్‌మన్‌గా చేరిన కళాయి సైదులు మళ్ళీ కొలిమి పెట్టుకుని వీధి మొగలో కూర్చున్నాడు. హైమ కూడా అమ్మమ్మనాటి చారుగిన్నెకి అతని దగ్గరే కళాయి వేయించింది. మూడేళ్ళ వయసు నుంచీ ఇందుకి ఆ చారన్నమే పెట్టింది.

రేవులంకలాగే దేశమంతా ఒక్కసారిగా తగరం మీద పడితే తగరం ఎక్కడి నుంచి వస్తుంది? టోకు వర్తకులు అందులో సీసం కలిపారు. రెండూ ఒకేలా మెరుస్తాయి. సీసం పిల్లల మెదడుని మెల్లగా తినేస్తుంది, పైకి మాత్రం ఏమీ కనబడదు.

కనబడేలా చేసే మిషన్‌ని హైమ తయారుచేసింది. పేరు దంతలేఖిని. చూడ్డానికి మిక్సీకి పెద్దన్నలా ఉంటుంది. పాలపన్ను ఒక్కసారిగా పుట్టదు. బిడ్డ కడుపులో ఉన్నప్పట్నుంచీ పన్ను ఊడేదాకా లోపల పొర మీద పొర పేరుకుంటుంది. మిషన్‌లోని లేజర్ ఆ పొరల్ని ఒక్కొక్కటే తాకి, ఆ పొర పెరిగిన వారంలో బిడ్డ ఒంట్లోకి ఎంత సీసం వెళ్ళిందో స్క్రీన్ మీద గీత గీసి చూపిస్తుంది, హద్దు దాటితే ఎర్రగా. రక్తపరీక్ష నిన్నామొన్నటి సంగతి చెబుతుంది, ఎముకల్లో చేరిన సీసం దానికి అందదు. పన్ను మాత్రం మొదట్నుంచీ జరిగిందంతా చెబుతుంది.

పళ్ళ డాక్టరు ఇచ్చిన పదకొండు పాలపళ్ళలో తొమ్మిదింటి గీత ఎర్రగా ఉంది. హైమ ఆ మాట బయటపెడితే ఊరు విసుక్కుంది. "మొన్న ప్లాస్టిక్ అంది, ఇవాళ ఇత్తడి అంటోంది, రేపు అరిటాకు కూడా వద్దంటుంది" అని టీకొట్ల దగ్గర నవ్వుకున్నారు. ఎవరివో పళ్ళు చూపిస్తే నమ్మాలా, ఆవిడ పిల్లది చూపించమనండి అన్నారు. అందుకే ఈ నిచ్చెన.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో ఇందు పన్ను మిషన్‌లో పెట్టింది. పుట్టినరోజు దగ్గర గీత పచ్చగా ఉంది. ఒకటో ఏడు పచ్చ. రెండో ఏడు పచ్చ. మూడో పుట్టినరోజు దాటిన రెండో వారంలో ఎర్రగా లేచింది, మళ్ళీ దిగలేదు. అది ఏ వారమో హైమ క్యాలెండర్ చూడక్కర్లేదు. తన మెళ్ళో దండలు పడ్డాక చారుగిన్నెకి కళాయి వేయించిన వారం అది. ఎక్కాలు ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతోందని ఇందుని ఎన్నిసార్లు కసిరిందో అప్పుడు గుర్తొచ్చింది. నా చేత్తో కలిపి పెట్టాను కదా తల్లీ అని మిషన్ మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు మున్సిపల్ హాల్లో ఆ గీతని గోడ మీద చూపించింది. ఇందుని పక్కనే నిలబెట్టుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

"మందుంది" అంది. "పదేళ్ళ లోపు మొదలుపెడితే పిల్లలు తేరుకుంటారు. కానీ అది ఘాటు మందు. ఎవరి ఒంట్లో ఎంత సీసం ఉందో తెలియకుండా వేయకూడదు. మీ కప్పుల మీది పాలపళ్ళు తెచ్చివ్వండి. నేనడిగేది అంతే."

సైదులు లేచి నిలబడ్డాడు. "అమ్మా, కొట్లో తగరమని ఇచ్చిందే పూశాను. మా మనవడూ ఆ గిన్నెల్లోదే తిన్నాడు."

"నీ తప్పేం లేదు సైదులూ. నీ చేత కొలిమి పెట్టించింది నేనే."

ముందు వరసలో ఒకావిడ ఇందు వంకే చూస్తూ అడిగింది. "అయితే మేడమ్, ఈ పిల్లకి ఇంక చదువు రాదాండీ?"

హాలంతా ఇందు వైపు తిరిగింది. ఇందు నోరు గట్టిగా మూసుకుంది.

ఈసారి ఊరు నమ్మింది. నమ్మడం వల్లే అసలు ముప్పు వచ్చింది. వారం తిరక్కుండా ఇత్తడి గిన్నెలు పాతసామాన్ల బండెక్కాయి, కొట్లలో ప్లాస్టిక్ డబ్బాలు మళ్ళీ వేలాడాయి. బళ్ళో ఇందు బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఆ పిల్లకి సీసం పిల్ల అని పేరు పెట్టారు.

ఇంటింటా తల్లులు నిచ్చెనలు వేసుకుని కప్పులు ఊడ్చారు. అది చూసి హైమ ప్రాణం లేచొచ్చింది. మూడొందల కవర్లు బల్ల మీద పేర్చుకుని ల్యాబ్ గుమ్మంలో కూర్చుంది. రెండు రోజులైనా ఒక్కరూ రాలేదు. మూడో రోజు వీధి మొగకి వెళ్ళింది. సైదులు చల్లారిన కొలిమి పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు.

"కప్పులన్నీ ఊడ్చారుగా సైదులూ, పళ్ళేవీ?"

"కాలవలో కలిపేశారమ్మా. ఇక ఊడేవీ అక్కడికే."

"ఎందుకు?"

"ఎందుకేంటమ్మా! రేపు బళ్ళో చేర్చేటప్పుడు, ఎల్లుండి పెళ్ళిచూపుల్లో, గీత చూపించమనరూ? మన పాపని ఏమంటున్నారో వినట్లేదా?" తల వంచుకున్నాడు. "మా కోడలూ కలిపేసింది. వద్దన్నాను. నా మాట వినలేదు."

ఇక మిగిలింది ఇందు ఒక్కర్తే. ఆ తర్వాత రెండు నెలలు మందు మింగింది, మింగినప్పుడల్లా కక్కుకుంది. మందు ఆపాలో పెంచాలో తెలియాలంటే రెండో పన్ను ఊడాలి. ఆ తర్వాతిది కదలడానికి ఇంకో ఏడాది పడుతుంది. రోజూ పొద్దున్నే హైమ వేలితో కదిపి చూసేది. "ఇంకో నాలుగు రోజులే" అనేది. కవరు మీద ఇందు పేరు కూడా రాసిపెట్టుకుంది.

నాలుగో రోజు సాయంత్రం ఇందు బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చాన్నాళ్ళకి నవ్వింది. కింది వరసలో కొత్త సందు.

"ఊడిందా! ఏదమ్మా పన్ను?" హైమ పేరు రాసిన కవరు చేతిలోకి తీసుకుంది.

"మింగేశాను."

హైమ పిల్ల నోరు తెరిచి నాలుక కింద చూసింది.

ఇందు తల్లి మెడ చుట్టూ చేతులేసింది. "అందరూ కాలవలో పారేసుకుని బాగైపోయారు కదమ్మా. కాలవకి ఒక్కదాన్నీ వెళ్ళద్దన్నావుగా, అందుకని మింగేశాను. ఇంక మిషన్‌కి ఏం తెలీదు. రేపట్నుంచి నా పక్కన కూర్చుంటారు కదా?"

"కూర్చుంటారమ్మా" అంది హైమ. చేతిలో ఉన్న ఖాళీ కవరుని పిల్లకి కనబడకుండా చీరచెంగులోకి తోసేసింది.