పొదుపు చేసిన ఊరు

"ఇంకోపాలి నొక్కండమ్మా" అన్నాడు గరికిన ఎల్లాజీ.

డాక్టర్ హైమవతి మళ్లీ నొక్కింది. రేవులోని డీజిల్ బంకు తెర మీద ఎర్ర అక్షరాలు కదల్లేదు: "మీ ఊరి కోటా పూర్తయింది."

వేటకెళ్లిన ఎల్లాజీ తమ్ముడు పోలారావు పడవలో డీజిల్ అయిపోయింది. సముద్రం మధ్యలో చిక్కుకున్నానని వైర్‌లెస్‌లో చెప్పాడు. సాయంత్రానికి తుఫాను. లాక్కురావడానికి ఒడ్డున పడవలున్నాయి, మనుషులున్నారు. డీజిలే లేదు.

మన ప్రభుత్వాలు ఇల్లు కాలాక బావి తవ్వుతాయని పేరు. చమురు ఓడలు ఆగిపోతాయని తెలిసినప్పుడు మాత్రం, ఎన్నడూ లేనిది, ముందే తవ్వాయి. ఆ బావి ఊరూరికీ డీజిల్ పంచే యంత్రం, పేరు 'సమవర్తి'. యముడికీ అదే పేరని ప్రారంభోత్సవం నాడు ఎవరికీ గుర్తు రాలేదు, పాపం.

సమవర్తి లెక్క చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ప్రతి ఇంజన్‌కూ ఒక మీటరు. చమురు కరువుకు ముందు ఏ ఊరు ఎంత తాగిందో అదే ఆ ఊరి అవసరం. కరువొచ్చాక ఆ దామాషాలోనే పంపకం. మంత్రి ఫోన్ చేసినా మారదు. సిఫార్సులకు తావు లేకుండా యంత్రానికి ఆ తాళం వేయించింది దాన్ని తయారుచేసిన హైమవతే.

కరువుకు ముందు, మీటర్లు లెక్క రాసుకుంటున్న ఆ రోజుల్లోనే చుక్క చుక్కా పొదుపు చేయమని ఊరూరా తిరిగి చెప్పిందీ ఆవిడే. ఈ ఊరు నమ్మింది. నాలుగు పడవలను ఒకే ఇంజన్ వెనక తాడుతో కట్టి వేటకు తీసుకెళ్లారు, వచ్చేటప్పుడు తెరచాప ఎత్తారు. ఆమె మెచ్చి ఎల్లాజీకి శాలువా కప్పింది. పొరుగు రేవువాళ్లు మీటరు పెరగాలని ఒడ్డునే ఇంజన్లు ఊరికే తిప్పారు. ఇప్పుడు వాళ్ల పీపాలు నిండుగా ఉన్నాయి.

"వాళ్లను అడిగారా?"

"అడిగినాం. గాలి ముదిరిపోనాది, రామన్నారు."

హైమవతి తన ఆఫీసుకు ఫోన్ చేసింది. మంత్రికి చేసింది. "తాళం మీరే వేశారు కదమ్మా" అన్నాడాయన, జాలిగానే. ఆమె వచ్చిన కారు బ్యాటరీది. తీసి పోయడానికి అందులోనూ చుక్క లేదు.

"నన్ను క్షమించు ఎల్లాజీ. మీరు వాడలేదు కాబట్టి మీకు అక్కర్లేదనుకుంది యంత్రం."

"మీ మాట ఇన్నాం గదమ్మా" అన్నాడతను. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

అతను తెరచాప భుజాన వేసుకున్నాడు. భార్య సత్తెమ్మ అడ్డం వచ్చింది. "గాలి అటేపే ఉందే. ఎల్డానికి డీజిలు అక్కర్నేదు" అన్నాడు.

రావడానికే కావాలని ముగ్గురికీ తెలుసు. ఎల్లాజీ పడవను నీళ్లలోకి తోశాడు.

తెల్లారేసరికి తుఫాను తీరం దాటింది. సముద్రం మీద ఏమీ కనబడలేదు. బంకు తెర మీద మాత్రం పచ్చటి అక్షరాలు వెలిగాయి: "రెండు పడవల మీటర్లు ఆగిపోయాయి. మీ ఊరి అవసరం తగ్గింది. పొదుపుకు అభినందనలు."

సత్తెమ్మకు చదువు రాదు. ఆశగా తెర వంక చూసింది.

"ఏటి రాసుందమ్మా?"

హైమవతి తెరకు అడ్డంగా వచ్చి నిలబడింది.