ఓడించమని విన్నపం

ఉదయం పదిన్నరకు హైకోర్టు ఒక చట్టాన్ని కొట్టివేయడం, పది నలభై ఒకటికల్లా అదే చట్టం మరింత గట్టిపడి తిరిగి రావడం ఇప్పుడెవరికీ వింత కాదు.

న్యాయమూర్తి శాంభవికి ఎదురుగా గోడ మీద ‘సవరణి’ యంత్రం తెర ఆకుపచ్చగా వెలుగుతోంది. తీర్పులో చివరి వాక్యం వెలువడగానే అది కోర్టు ఎత్తిచూపిన లోపాన్ని పట్టుకుంటుంది. ఆ లోపం మళ్లీ దొరక్కుండా చట్టాన్ని తిరగరాసి శాసనసభ్యుల మణికట్లకు పంపుతుంది. వాళ్లు పెళ్లి విందులో ఉన్నా సరే, ‘సమ్మతి పట్టీ’ నొక్కితే సభ జరిగినట్టే. అంతా కలిపి పదకొండు నిమిషాలు. చట్టం మార్చే హక్కు సభకు లేదని ఎవరన్నారు? కానీ ఏం మారుస్తున్నారో కూడా చూడకుండా నొక్కే వేలిని సభ అని ఎలా అంటారు?

మైలపల్లి దానమ్మ నిరుడు తన పల్లె తరఫున తొలి కేసు గెలిచింది. సముద్రం మీద ప్రభుత్వం కట్టబోయే తేలే నగరం కోసం ఆ ఒక్క పల్లె ఒడ్డునే లాక్కోవడం వివక్ష అని కోర్టు చెప్పింది. సవరణి వివక్షను తొలగించింది, జిల్లాలోని ఒడ్డంతా తీసేసుకుంది. వలలు ఆరబెట్టే దిబ్బ ఒడ్డు కాదని రెండో కేసులో తీర్పు వచ్చింది. దిబ్బ కూడా ఒడ్డేనని పదకొండు నిమిషాల్లో చట్టమైంది. ఇది మూడో కేసు. ఇళ్ల మధ్య నుంచి సముద్రానికి పోయే దారి గురించి. అరవై రెండు పేజీల తీర్పు శాంభవి ముందుంది. గెలుపు దానమ్మదే.

“తల్లీ, అది సదవకముందే ఒక మాట సెప్పుకుంటాను,” అంది దానమ్మ లేచి నిలబడి.

“చెప్పండి.”

“మమ్మల్ని ఓడగొట్టేయండి.”

ప్రభుత్వ న్యాయవాది చక్రపాణి కాగితాల్లోంచి తలెత్తాడు.

“న్యాయం మీ వైపే ఉందమ్మా,” అంది శాంభవి.

“ఉన్నాదని మాకూ తెలుసు. మొదటిపాలి గెలిస్తే పక్కూళ్లోళ్ల ఒడ్డు కూడా పోయినాది. వాళ్లు మా మొకాలు సూడడం మానేసినారు. రెండోపాలి గెలిస్తే దిబ్బ పోయినాది. ఈపాలి గెలిస్తే ఇళ్ల మీద పడతాది. దారి పోతే సుట్టు తిరిగెల్తాము. ఇల్లు పోతే యెక్కడికెల్తాము?”

శాంభవి చక్రపాణి వైపు చూసింది. “వీళ్లు పిటిషన్ వెనక్కి తీసుకుంటే?”

“వాదనలు ముగిశాక కుదరదండి. పోయినేడాది సవరణ,” అన్నాడతను నేల చూపులు చూస్తూ. “వాయిదా కూడా కుదరదు. తీర్పు గడువు ఇవాళే.”

శాంభవికి ఒళ్లు మండిపోయింది. ఒకరు రాసింది మరొకరు సరిచూడాలనే కదా సభనూ కోర్టునూ వేర్వేరుగా పెట్టుకున్నది! ప్రభుత్వానికి కోపమొస్తే కోర్టు మీద చూపించాలి. సరిచూసినందుకు శిక్ష ఈ ముసలామెకు పడటమేమిటి? ఏ తప్పు ఎత్తిచూపినా, ఆ తప్పు వీళ్ల నెత్తినే ఇంకా పెద్దదై పడుతోంది. ఇన్నాళ్లూ తాను రాసిన మంచి తీర్పులన్నీ ఎవరెవరి ఇళ్లు కూల్చాయో ఆమె ఎన్నడూ అడగలేదు.

అరవై రెండు పేజీలూ మూసి పక్కన పెట్టింది.

“పిటిషన్ కొట్టివేయడమైనది. కారణాలు చెప్పడానికి ఈ కోర్టుకు సిగ్గుగా ఉంది. ఆ మాట కూడా రికార్డు చేయండి.”

సవరణి ఒక్క క్షణం ఆగింది. ‘చట్టంలో లోపం లేదు. సవరణ అవసరం లేదు’ అని చూపించింది. గెలిచిన చక్రపాణి గబగబా కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. ఓడిన దానమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఆ దండం కేసి చూడలేక శాంభవి తల దించుకుంది.

సోమవారం ఆమె వచ్చేసరికి వరండా అంతా జనం. ఉప్పు మళ్లవాళ్లు, కొండ మీద పోడు చేసుకునేవాళ్లు, రైతు బజారు నుంచి వెళ్లగొట్టిన కూరగాయల వాళ్లు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక కేసు, గెలవాల్సిన కేసు. ఆమె బల్ల ముందు కూర్చుని మొదటి ఫైలు తెరిచింది. తలుపు దగ్గర ఒక పెద్దాయన బంట్రోతును మెల్లగా అడగడం లోపలికి వినిపించింది.

“మమ్మల్ని ఓడగొట్టే అమ్మగారు ఈ గదిలోనేనా బాబూ కూకుంటారు?”