మూడడుగుల తలుపు

ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందు కత్తెర చప్పుడు, తర్వాతే కాఫీ. అమ్మ దర్జీ. వీధి వీధంతటికీ టైలరమ్మ. ముందు గదిని ముప్పాతిక వంతు మింగేసిన కటింగ్ టేబుల్ దగ్గర నిలబడి ఎవరిదో స్కూలు యూనిఫాం కత్తిరిస్తోంది. అదే టేబుల్ కొసన గుడ్డలు పక్కకు నెట్టి లాప్‌టాప్ తెరుచుకుంది కూతురు చిట్టి. ఆర్కిటెక్టు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ గీసిపెడుతున్నా, ఇంట్లో మాత్రం ఇంకా చిట్టే.

ఉన్న ఇంటిని ఖాళీ చేయమని యజమాని చెప్పాడు. నాన్న తిరిగి తిరిగి మరో అద్దె ఇల్లు ఖాయం చేశాడు. అందులో పాతవాళ్లు ఇంకా సామాను సర్దుకుంటున్నారు. ఈలోగా ఆ ఇంటాయన పాత ప్లానుకి ఫోటో తీసి పంపించాడు.

"ఏంటే అది, మసగ్గా ఉంది?" అంది అమ్మ తల వంచి చూస్తూ.

"కొత్తింటి ప్లానమ్మా. ఫోటోని అడుగున పరిచి, కదలకుండా తాళం వేసి, దాని మీద గోడలు గీస్తా. ఆఖర్న ఇల్లు లేచి నిలబడుతుంది."

"నేను పాత చొక్కా పరిచి చుట్టూ సుద్దతో గీసుకున్నట్టా?"

"అచ్చం అంతే. కాకపోతే ఫోటోకి తన సైజు తనకి తెలీదు. ఏదో ఒకచోట అసలు పొడవు ఎంతో మనం చెప్పాలి. మిగతా ఇల్లంతా ఆ లెక్కనే సర్దుకుంటుంది. ఇందులో అంకెలన్నీ చెమ్మకి చెరిగిపోయాయి. అందుకే వీధి తలుపు మూడడుగులని ఇచ్చా. తలుపు ఎక్కడైనా తలుపేగా!"

అమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం ఎక్కువసేపు నిలవలేదు. గోడలు లేచాయి, కిటికీలు వచ్చాయి, మంచాలు చేరాయి. కటింగ్ టేబుల్‌ని దాని అసలు కొలతతో వెనక గదిలో పెట్టేసరికి చిట్టి మొహం మారింది. ఎటు తిప్పినా గోడకి తగులుతోంది.

"అమ్మా, టేబుల్ పట్టదు."

"పట్టకపోవడమేంటి?"

"టేబుల్ పెడితే మిషను పట్టదు. మిషను పెడితే మనిషి పట్టదు. నువ్వే చూడు."

పేపరు చదువుతున్న నాన్న కళ్లజోడు పైనుంచి చూశాడు. "నాకు గదులు విశాలంగానే కనిపించాయే."

"నీకన్నీ విశాలంగానే కనిపిస్తాయి నాన్నా. ఇది కొలత." ఆ మాటతో నాన్న మళ్లీ పేపర్లో దూరాడు. కరెంటాఫీసులో రిటైరైన మనిషి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో ఆయనకు బాగా తెలుసు.

"పాత సామాన్ల కొట్టువాడికి చెబుతా. వచ్చి పట్టుకెళతాడు," అంది చిట్టి.

అమ్మ కత్తెర కింద పెట్టింది. "పట్టుకెళతాడా? ఇది పాత సామానా? దీని మీద కోసిన గుడ్డే నీకు ఫీజులు కట్టింది. పెరిగిందీ దీని కిందే కదే నువ్వు!"

"కాదన్నానా? అన్నం పెట్టిందని పొయ్యిని నెత్తిన పెట్టుకుని తిరుగుతామా? సెంటిమెంటుకి గోడలు జరగవమ్మా!"

ఆ మాట నోరు జారాక గానీ చిట్టికి దాని బరువు తెలియలేదు. అమ్మ సగం కోసిన యూనిఫాం మడిచి పక్కన పెట్టింది. అమ్మ పని మధ్యలో ఆపడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆఫీసుకి వెళ్తూ బస్సులో కూర్చున్నాక చిట్టికి ఆ టేబుల్ కింది లోకమే గుర్తొచ్చింది. వానాకాలం మధ్యాహ్నాలు ఆ నాలుగు కాళ్ల మధ్య ముక్కగుడ్డల గుట్ట మీద పడుకుంటే, పైన కత్తెర కరకరమంటూ నడిచేది. కొత్తగుడ్డ గంజి వాసన, మిషను నూనె వాసన, అమ్మ పాదాలు. జ్వరమొచ్చినా మంచం మీద పడుకోనని మొండికేసి అక్కడికే పాకేది. తన జీవితంలో మొదటి ఇల్లు అదే. ఆ ఇంటిని కొట్టువాడికి ఇచ్చేస్తానని ఎంత తేలిగ్గా అనేసింది!

సాయంత్రం ఇంటాయన ఫోన్ చేశాడు. పాతవాళ్లు వెళ్లిపోయారట, వచ్చి చూసుకోమన్నాడు. చిట్టి ఆఫీసు నుంచే అటు వెళ్లింది. వీధి తలుపు దాటి లోపల అడుగు పెట్టగానే ఎందుకో తెలియని అనుమానం. తాను గీసిన ఇల్లు ఇంత విశాలంగా లేదు. బ్యాగులోంచి టేపు తీసి తలుపుకి పెట్టింది. నాలుగడుగులు.

"మా అమ్మ చివరి రోజుల్లో చక్రాల కుర్చీలో ఉండేదమ్మా," అన్నాడు ఇంటాయన. "ఈ ఇల్లు కట్టిందే ఆవిడ కోసం. తలుపులన్నీ వెడల్పు పెట్టించాను."

చిట్టి టేపు మీది అంకెను మరోసారి చూసుకుంది. నాలుగడుగుల తలుపుని మూడడుగులని చెప్పింది. పాపం ఫోటోకేం తెలుసు, చెప్పినట్టే విన్నది. తెర మీద ఇల్లంతా కుంచించుకుపోయింది. టేబుల్ మాత్రం అసలు సైజులోనే ఉండిపోయింది.

ఇంటికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆటో ఎక్కి, దారి పొడుగునా మళ్లీ మళ్లీ చేసింది. వీధి మలుపు తిరిగేసరికి రంపం చప్పుడు వినబడింది.

గుమ్మంలోకి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగింది. టేబుల్ రెండు ముక్కలై ఉంది. వడ్రంగి పొట్టు దులుపుకుంటున్నాడు. ఓ పక్క నాన్న, ఓ పక్క అమ్మ చెరో ముక్క పట్టుకుని నిలబడ్డారు.

"వచ్చావా! చూడు, సగమైతే పడుతుందిగా?" అంది అమ్మ. కోసిన అంచు వైపు మాత్రం చూడటం లేదు. "పొద్దున నీ మీద ఊరికే అరిచాను. నువ్వు గోడలు చూసి చెప్పావు, నేను ప్రేమ చూసి మాట్లాడాను. మొత్తం పోగొట్టుకునే కంటే సగమైనా దక్కనీ అనుకున్నా."

"నేను వద్దన్నానే చిట్టీ, ఇల్లు ఖాళీ అయ్యాక చూద్దాం అన్నాను," అన్నాడు నాన్న. "మా అమ్మాయి గీస్తే తిరుగుండదంది మీ అమ్మ. నా మాట ఎప్పుడు విన్నది గనక!"

చెప్పకపోతే తెలిసేవాళ్లు లేరు. కొత్తింట్లో గది ఖాళీగా కనిపిస్తే, ఏదో ఒకటి సర్ది చెప్పొచ్చు. ఆ సంగతి చిట్టికి ఒక్క క్షణం తోచింది కూడా. కానీ తిరుగుండదన్న మాట అడ్డం పడింది.

"పట్టేదమ్మా," అంది. "మొత్తం టేబుల్ పట్టేది. మిషనూ పట్టేది. అక్కడ తలుపు నాలుగడుగులు. నేను చూడకుండా మూడని ఇచ్చా. ఇల్లు చిన్నది కాదమ్మా, నేనే చిన్నగా గీశాను." గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ చేతిలోని ముక్క కింద పెట్టింది. కోసిన అంచు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది. అప్పటిదాకా బిగబట్టిన కన్నీళ్లు చేతి మీద పడ్డాయి. కాసేపటికి అమ్మే వచ్చి కూతురి పక్కన నేల మీద కూర్చుంది.

"కోత తప్పని దర్జీ ఎవరే?" అంది. "ఎవరిదో పెళ్లికోటు పొట్టిగా కోసేసి నేనూ ఏడ్చాను. కొలతలు వాళ్లే తప్పుగా ఇచ్చారని చెప్పి తప్పించుకున్నా కూడా. నీకున్న ధైర్యం ఆరోజు నాకు లేకపోయింది."

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. "అడుగున పలకేసి బిగించమంటే బిగిస్తానమ్మా, గట్టిగానే ఉంటుంది. కానీ అతుకు కనబడుతుంది. పైన రేకు వేస్తే దాచొచ్చు."

అమ్మ పమిటతో ముందు కూతురి మొహం, తర్వాత తన మొహం తుడిచింది.

"రేకూ వద్దు, గీకూ వద్దు," అంది. "అతుకు కనబడనీ నాయనా. నా కూతురు నా దగ్గర దాచలేదని రోజూ చూసుకుంటాను."

చిట్టి లేచి రెండో ముక్క ఎత్తి పట్టుకుంది.