అడ్రస్ ఇచ్చినవాడు

నోయిడా సెక్టార్ పద్దెనిమిది మార్కెట్లో, పట్టపగలు, ఆగి ఉన్న కారులో శ్రీరాములును కాల్చి చంపారు. అతను ఆ వేళకి అక్కడ ఉంటాడని తెలిసింది ఒక్క ఇషితకే.

2006 ఏప్రిల్ అది. ఇషిత ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఆమె నవ్వితే ఎంబసీ పార్టీల్లో మాటలు ఆగిపోయేవి. ఆమెని మన నిఘా సంస్థకి ఏజెంటుగా తయారు చేసింది శ్రీరాములే. మనకి పనిచేస్తూనే విదేశీ ముఠాకి అమ్ముడుపోయింది.

అదే సంస్థలో పనిచేసే క్రాంతి హైదరాబాద్ నుంచి మొదటి ఫ్లైట్ పట్టుకుని ఢిల్లీ ఆఫీసుకి వచ్చాడు. అతనికి పిస్టల్ పట్టుకోవడం నేర్పింది కూడా శ్రీరాములే.

"గన్ టేబుల్ మీద పెట్టు" అంది చీఫ్ లీలావతి.

"ఒక్క తూటా చాలు మేడమ్."

"తూటాతో పని కాదు. మన పన్నెండుమంది ఏజెంట్ల పేర్లు ఆ ఇషిత లాప్‌టాప్‌లో ఉన్నాయి. పదకొండింటికి ముఠా సర్వర్‌కి పంపుతుంది. ఆ సర్వర్ ఎక్కడుందో మనకి కావాలి. పొద్దున్నే దాని నెట్ లైన్ కట్ చేయించాను. కంప్లయింట్ ఇచ్చింది. బాగుచేయడానికి వెళ్ళేది నువ్వే. నువ్వు లోపలికి వెళ్ళాక లైన్ మళ్ళీ ఇప్పిస్తాను."

పదిన్నరకి దొంగమీసం, టూల్ బ్యాగుతో క్రాంతి ఆమె ఫ్లాట్ బెల్ కొట్టాడు.

"జల్దీ కరో భయ్యా. గ్యారహ్ బజే మెయిల్ భేజ్‌నీ హై" అని, పదకొండుకి మెయిల్ పంపాలంటూ తొందరపెట్టింది ఇషిత. వేళ్ళకి కొత్తగా వేసుకున్న నెయిల్ పాలిష్ ఊదుకుంటోంది. శ్రీరాములు చితి ఇంకా చల్లారలేదు. క్రాంతి పళ్ళు బిగించి రౌటర్ ముందు కూర్చున్నాడు. దాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేసి, తన లాప్‌టాప్ వైరు గుచ్చాడు.

ఏ కంప్యూటరైనా నెట్‌వర్క్‌లో చేరగానే ముందు గట్టిగా ఓ కేక వేస్తుంది, నాకు ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఇంటినంబరు, ఎవరిస్తారని. ఇళ్ళలో జవాబిచ్చేది రౌటర్. తన దగ్గరున్న అడ్రసుల్లో ఒకటి కొన్ని గంటల గడువుతో ఇస్తుంది, బయటికి ఏ దారిన పోవాలో చెబుతుంది. జవాబిచ్చింది ఎవరని కంప్యూటర్ ఆరా తీయదు. నమ్మి వెళ్ళిపోతుంది, శ్రీరాములు ఇషితని నమ్మినట్టు.

ఈ రౌటర్ దగ్గర ఉన్నవి యాభై అడ్రసులు. క్రాంతి లాప్‌టాప్ యాభై దొంగపేర్లతో అడిగి అన్నీ తనే లాక్కుంటోంది. రౌటర్ చేతులెత్తేస్తే, ఇషిత లాప్‌టాప్ కేకకి జవాబిచ్చేది క్రాంతి ఒక్కడే.

నలభై ఒకటి. నలభై రెండు.

"హో గయా?"

"దో మినట్, మేడమ్."

"టైమ్ నహీ హై." పదకొండుకి మూడు నిమిషాలు. ఆమె లాప్‌టాప్ పవర్ బటన్ నొక్కేసింది.

నలభై ఏడు. ఆమె స్క్రీన్ వెలిగింది. నలభై తొమ్మిది. యాభై!

మరుక్షణం ఆమె లాప్‌టాప్ కేక వేసింది. అడ్రస్ క్రాంతి ఇచ్చాడు. దారీ తనే చూపించాడు, తన లాప్‌టాప్‌లోంచి. సరిగ్గా పదకొండుకి ఆమె 'సెండ్' నొక్కింది. పన్నెండు పేర్లు క్రాంతి దగ్గరే ఆగిపోయాయి. సర్వర్ జాడ, పాస్‌వర్డ్ కూడా చిక్కాయి. ఆ పాస్‌వర్డ్‌తోనే అతను ముఠాకి ఇంకో ఫైలు పంపాడు.

రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ మోగింది. వింటూనే ఆమె మొహం పాలిపోయింది. "నహీ... నేను పంపింది అది కాదు..." లైన్ తెగిపోయింది.

క్రాంతి మీసం పీకేసి, తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "నేను శ్రీరాములన్న శిష్యుణ్ణి. నీవాళ్ళకి ఒక్క పేరే చేరింది, నీది. మొదట్నుంచీ నువ్వు మాకే నమ్మకంగా పనిచేస్తున్నావని రాశాను."

"దే విల్ కిల్ మీ! ప్లీజ్, నన్ను కస్టడీలోకి తీసుకెళ్ళు!"

వదిలేసి పోదామని అతని కాళ్ళు లాగాయి. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగాడు.

"అన్నని కాల్చింది ఎవరు?"

ఆమె రెండు పేర్లు చెప్పింది, అడ్రసులతో సహా. అప్పుడు తీశాడు గొళ్ళెం.

గేటు దగ్గర గార్డు రిజిస్టర్ తెరిచి అడిగాడు: "నెట్ ఠీక్ హో గయా, భయ్యా?"

"నెట్ ఠీక్ హై" అన్నాడు క్రాంతి, ఇషితని జీపులోకి ఎక్కిస్తూ. "మేడమే ఇల్లు ఖాళీ చేస్తున్నారు."